ఎదురు షాపులో ఎంక్వయిరీ

"ఈ స్పంజి కొత్తది కాదు."

స్కూటీ సీటును బొటనవేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి ఆ అమ్మాయి తీర్పు చెప్పేసింది.

షఫీ కుట్టుమిషను ఆపి తలెత్తాడు. తిరువూరు బస్టాండు వెనక వీధిలో వాళ్ళ నాన్న పెట్టిన సీటు కవర్ల షాపు అది. మోటారు సైకిలైనా, ఆటో అయినా, ట్రాక్టరైనా సీటు చిరిగితే అక్కడికే వస్తుంది. ఇన్నేళ్ళలో స్పంజికి నాడి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

"కొత్తదేనండి. నిన్ననే విజయవాడ నుంచి వచ్చింది."

"అయితే కోయగా మిగిలిన ముక్క చూపించండి."

షఫీ మూలలోంచి ముక్క తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వాసన చూసింది. ఒక చేత్తో ముక్కనీ, ఇంకో చేత్తో సీటునీ నొక్కి చూసింది.

"మీకు నమ్మకం లేదా అండి?"

"లేదండి," అంది ఏ మొహమాటం లేకుండా.

"సరే, మీ పేరు చెప్పండి. రసీదు రాయాలి."

"రసీదుకి బండి నంబరు చాలుగా. పేరెందుకు?"

పేరు ఆమె చెప్పలేదు. ఎదురింటి వరండాలోంచి వాళ్ళమ్మ అమీనాబీ "రిజ్వానా, డ్యూటీకి టైమైంది" అని కేకేస్తే తెలిసింది. విస్సన్నపేట రూటులో షేర్ ఆటో నడిపే జానీబాషా కూతురు, ఆసుపత్రిలో నర్సు. ఆ ఇంట్లోకి అద్దెకొచ్చి వారం కాలేదు. షఫీ రసీదు మీద పేరు రాసి, చాలదన్నట్టు కింద గీత కూడా గీశాడు.

ఆ రోజు నుంచి ఎదురిల్లు చూడకుండా షఫీ ఒక్క సీటూ కుట్టలేదు. కుట్టు వంకర పోయిందని పోట్లాడిన ఆటోవాళ్ళకి అసలు కారణం తెలియదు.

వానాకాలంలో ఆమె స్కూటీ సీటుకి వాన కవరు కుట్టి ఊరికే ఇచ్చాడు.

"ఫ్రీనా? ఎందుకు?" అంది రిజ్వానా కళ్ళు చిన్నవి చేసి.

"మిగిలిన రెక్సిన్‌తో కుట్టానండి."

"ఫ్రీగా ఇచ్చేవాళ్ళంటే నాకు భయం. డబ్బులు తీసుకోండి, లేదంటే నాకొద్దు."

డబ్బు తీసుకున్నాడు. ఇంకోసారి మిషను సూది వేలిలో దిగితే వీధి దాటి పరిగెత్తుకొచ్చింది. చెయ్యి పట్టుకుని కట్టు కట్టింది. "కళ్ళెక్కడ పెట్టి కుడతారు?" అని తిట్టింది. కళ్ళెక్కడ పెడతాడో షఫీ చెప్పలేదు. టీటీ ఇంజక్షన్ చేసినప్పుడు నొప్పి కూడా తెలియలేదు. ఆమె మీద ప్రేమ అతనికి ఆనాడే ఖాయమైపోయింది. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చెబితే దానికీ కోయగా మిగిలిన ముక్క చూపించమంటుందని భయం.

ఈ ఏడాది మామిడికాయల లారీలు తగ్గి, మొదటి వానలు పడుతుండగా, ఎదురింట్లో ఏదో నడుస్తోందని షఫీకి అనుమానం వచ్చింది. జానీబాషా ఆటోలో ఒక పెద్ద సూట్‌కేసు తెచ్చాడు, అదీ పాత దుప్పట్లో చుట్టి. రిజ్వానా మంచి డ్రెస్ వేసుకుని విజయవాడ వెళ్ళొచ్చింది. ఫోటో స్టూడియోకి వెళ్ళింది. షఫీ కనిపిస్తే అమీనాబీ మాట మధ్యలో ఆపేస్తోంది.

"ఏంటండీ, ఇంట్లో హడావుడి?" అనడిగాడు ఒక సాయంత్రం, ఆమె స్కూటీకి స్టాండు వేస్తుంటే.

"ఏం హడావుడి? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. సూట్‌కేసు చూశా."

"సూట్‌కేసు కొనుక్కోకూడదా?"

"కొనుక్కోవచ్చు. దుప్పట్లో చుట్టి తేవడం దేనికా అని."

"మీరు సీట్లు కుడతారా, వీధికి కాపలా కాస్తారా?"

"రెండూనండి. రెండోదానికి డబ్బు తీసుకోను."

ఆమెకు నవ్వొచ్చింది కానీ మింగేసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంకా ఖాయం కాలేదు. అయ్యాక చెప్తా. అప్పటిదాకా మీరు నోరు విప్పొద్దు."

షఫీ వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. సూట్‌కేసు, ఫోటోలు, ఖాయం కాకపోవడం. ఇక ఏం మిగిలింది? ఆ పిల్లకి పెళ్ళి!

నిజానికి ఆ సూట్‌కేసు పెళ్ళికి కాదు, కువైట్‌కి. అక్కడి ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో రిజ్వానాకి నర్సు ఉద్యోగం వచ్చింది. ఈ ఇంటికి రాకముందు ఒక ఏజెంటు కువైట్ వీసా అంటూ ఒక కాగితం చేతిలో పెట్టాడు. అది చుట్టపు చూపుగా వెళ్ళొచ్చే విజిట్ వీసా అనీ, దానితో అక్కడ పని చేస్తే పట్టుకుని వెనక్కి పంపుతారనీ ఆఖరి నిమిషంలో తెలుసుకుని ఆగిపోయింది. అప్పుడున్న పాత వీధంతా అయ్యో అంటూనే నవ్వింది. స్పంజిని కూడా నమ్మని గుణం ఆమెకు అప్పుడు పట్టుకుంది. అందుకే ఈసారి ఏజెంటు లేడు, దగ్గరుండి సక్రమంగా తెచ్చుకుంటున్న వర్క్ వీసా. అది స్టాంపు పడేదాకా ఈ సంగతి గడప దాటకూడదని ఇంట్లో అందరూ ఒట్టేసుకున్నారు. ఇక మిగిలింది పీసీసీ ఒక్కటే. ఈ మనిషి మీద ఏ గొడవా లేదని పోలీసులు ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్. అది నెలాఖరులోపు అందకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఇవేవీ షఫీకి తెలియవు. ఒట్టు అంత గట్టిగా నిలబెట్టుకున్నారు.

సరిగ్గా ఆ వారంలోనే షాపు ముందు ఒక మోటారు సైకిల్ ఆగింది. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి, వేలికి ఉంగరం.

"ఈ బండికి కవరు ఎంతవుతుంది?" అనడిగి, రేటు వినకుండానే స్టూలు మీద కూర్చున్నాడు.

షఫీకి విషయం అర్థమైపోయింది. ఆ స్టూలు సంగతి వీధంతటికీ తెలుసు. సంబంధం చూసేవాళ్ళు ముందు పిల్ల ఇంటికి రారు. ఎదురు షాపుకొచ్చి, ఏదో కొనేవాళ్ళలా రేటు అడిగి, ఆ స్టూలు మీద కూర్చుని ఆరా తీస్తారు. వీధిలో కుదిరిన పెళ్ళిళ్ళకీ చెడిన పెళ్ళిళ్ళకీ సగం కారణం ఆ స్టూలే.

"ఎదురిల్లు జానీబాషా గారిదేనా?" అన్నాడు తెల్లచొక్కా.

"అవునండి. మీరు?"

"కావలసినవాళ్ళమేలే. వాళ్ళమ్మాయి నర్సట కదా. ఎలాంటి పిల్ల?"

బంగారంలాంటి పిల్ల అని షఫీ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే వచ్చే నెలలో ఎదురింటి ముందు పందిరి పడుతుంది. నాలుకని వెనక్కి లాక్కున్నాడు.

"కోపమండి. మామూలు కోపం కాదు."

"గొడవలేమైనా ఉన్నాయా ఎవరితోనైనా?"

"ఎవరితో లేవో అడగండి. కిరాణా కోదండరామయ్య గారితో తూకం దగ్గర గొడవ. బస్సు కండక్టరుతో చిల్లర దగ్గర గొడవ. మొన్నామధ్య బస్టాండులో ఒకడిని చెప్పుతో కొట్టింది."

మొదటి రెండూ నిజమే. మూడోది అప్పటికప్పుడు పుట్టింది.

"చెప్పుతోనా?"

"రెండు చెప్పులతోనూ."

"కేసయిందా?"

"స్టేషన్‌దాకా వెళ్ళిందండి. ఎస్సైగారే రాజీ చేసి పంపించారు."

తెల్లచొక్కా స్టూలు మీద ముందుకి జరిగాడు. "ఏ ఎస్సై?"

"పాతాయనండి. బదిలీ అయ్యారు."

"ఓహో," అని లేచాడు. కవరు రేటు మళ్ళీ అడగలేదు. షఫీ ఆ రోజంతా ఈల వేసుకుంటూ కుట్టాడు.

ఆ ఈల ఎక్కువ రోజులు సాగలేదు. ఒక మధ్యాహ్నం రిజ్వానా వానలో తడుస్తూ వచ్చి అదే స్టూలు మీద కూలబడింది. ఆమె ఎప్పుడూ అలా కూర్చోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"షఫీ గారూ, ఇక దాచి లాభం లేదు," అని మొత్తం చెప్పింది. కువైట్, ఐసీయూ, వర్క్ వీసా, పీసీసీ. "నాన్న స్టేషన్‌కి వెళ్తే, వీధిలో మీ అమ్మాయి గురించి మంచిగా చెప్పలేదు, రిపోర్టు ఆపాం అన్నారట. కానిస్టేబుల్ అంతోనయ్య గారు మామూలు బట్టల్లో వచ్చి ఎవరినో అడిగారట."

"మామూలు బట్టలంటే?"

"తెల్ల చొక్కాట."

షఫీ కాలు మిషను మీదే ఉంది కానీ మిషను తిరగడం లేదు.

"నేనెవడినో చెప్పుతో కొట్టానట! నేను! ఎవడు చెప్పి ఉంటాడండీ? మీరు పొద్దస్తమానం ఇక్కడే ఉంటారుగా. కొత్త మనిషి ఎవరి దగ్గరైనా కూర్చోవడం చూశారా?"

"చూ... చూడలేదండి."

"ఈ వీధిలో నేను అనుమానించని మనిషి మీరొక్కరే. అందుకే మీ దగ్గరికి వచ్చా."

ఆమె రెండు చెప్పులతో నిజంగానే కొట్టినా షఫీకి అంత నొప్పి వేసేది కాదు.

"కోదండరామయ్యే అయ్యుంటాడు," అంటూ లేచింది. "తూకం గొడవ మనసులో పెట్టుకున్నాడు."

"కాదండి, ఆయన కాదు. ఆగండి."

ఆగలేదు. కిరాణా కొట్టు ముందు నిలబడి అడిగేసింది. కోదండరామయ్య త్రాసు కింద పెట్టి కళ్ళజోడు తీశాడు.

"అమ్మాయ్, తూకం దగ్గర నువ్వు నన్నన్న మాటలు నేను మర్చిపోలేదు. కానీ ఆడపిల్ల పొట్ట కొట్టే మనిషినైతే కాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే నువ్వు నిక్కచ్చి పిల్లవనే చెప్పేవాడిని." కొట్లో సరుకులు కొనేవాళ్ళు ఆయన్నే చూస్తున్నారు.

షఫీ వీధి మధ్యలో తడుస్తూ నిలబడిపోయాడు.

ఆ సాయంత్రం అతనికి బుద్ధి రెండు రకాలుగా చెప్పింది. నోరు మూసుకుంటే నెల గడిచిపోతుంది, రిజ్వానా ఎదురింట్లోనే ఉంటుంది. నోరు విప్పితే ఆమె కువైట్ వెళ్తుంది, వెళ్ళేముందు అతని మొహం కూడా చూడదు. ఎలా లెక్కేసినా మూసుకోవడమే లాభం. అప్పుడు ఎదురింటి కిటికీలోంచి ఆమె కనిపించింది. కుర్చీ ఎక్కి ఆ కొత్త సూట్‌కేసుని అటక మీదకి తోస్తోంది. అది వెళ్ళడం లేదు. రెండు చేతులతో తోసి, తోసి, దానికే తల ఆనించి ఏడ్చింది.

షఫీ తెల్లారగానే షాపు తెరవకుండా స్టేషన్‌కి వెళ్ళాడు.

అంతోనయ్య ఈసారి ఖాకీలో ఉన్నాడు. "ఏంటబ్బాయ్? కవరు రేటు చెప్పడానికి వచ్చావా?"

"సార్, నేను చెప్పింది అబద్ధం. ఆ చెప్పుల సంగతి నేనే పుట్టించా. ఆ అమ్మాయి చాలా మంచిది."

అంతోనయ్య అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "వాళ్ళ నాన్న ఎంతిచ్చాడు?"

"ఏంటి సార్?"

"మొన్న చెడ్డదన్నావు. రిపోర్టు ఆగాక మంచిదంటున్నావు. రెండిట్లో ఏది నమ్మమంటావు?"

"ఇదే సార్. అల్లా సాక్షి."

"రికార్డులో కేసు లేదని నాకు తెలుసు. కానీ రాజీలు రికార్డుకెక్కవు. పైగా నువ్వు బదిలీ అయిన ఎస్సైగారి పేరు చెప్పి ఇరికించావు. పోలీసునని ముందే చెప్తే వీధంతా మంచే చెప్తుంది. అందుకే చెప్పకుండా అడగడం నాకు అలవాటు. అసలు అంత అబద్ధం ఎందుకు చెప్పావు?"

షఫీ నేల చూశాడు. "మీరు పెళ్ళి సంబంధానికి వచ్చారనుకున్నా సార్."

"అనుకుంటే?"

షఫీ చెవులు ఎర్రబడ్డాయి. అంతోనయ్య మీసం కాస్త కదిలింది, వెంటనే సర్దుకుంది.

"ఈ మాట ఇక్కడ చెప్తే కుదరదు. సాయంత్రం వీధికొస్తా. ఆ అమ్మాయి ముందు, వాళ్ళ నాన్న ముందు, పెద్దమనుషుల ముందు చెప్పు. ఎందుకు చెప్పావో కూడా చెప్పాలి. అప్పుడు నమ్ముతా."

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. షాపు ముందు స్టూలు మీద అంతోనయ్య కూర్చున్నాడు. జానీబాషా ఆటో దిగి వచ్చాడు. పక్కన అమీనాబీ. కోదండరామయ్య కొట్టు వదిలి వచ్చి, రిజ్వానా వైపు చూడకుండా నిలబడ్డాడు. రిజ్వానా చేతులు కట్టుకుని అందరినీ వరసగా అనుమానంగా చూస్తోంది. షఫీని తప్ప.

"చెప్పబ్బాయ్," అన్నాడు అంతోనయ్య. "ఆ రోజు ఈ అమ్మాయి గురించి నాకు చెడ్డగా చెప్పిందెవరు?"

"నేనే సార్."

రిజ్వానా చేతులు విడిపోయాయి. "మీరా?"

"నేనేనండి. కోదండరామయ్య గారు ఏ పాపం ఎరగరు. ఈ సార్‌ని చూసి మీకు సంబంధం తెచ్చారనుకున్నా. చెడగొడదామని చెప్పా. పోలీసని తెలియదు, కువైట్ సంగతీ తెలియదు. తెలిశాక కూడా నిన్న మీ మొహం చూసి చెప్పలేకపోయా. అది ఇంకా పెద్ద తప్పు."

జానీబాషా ఒక అడుగు ముందుకేశాడు. "సంబంధం వస్తే నీకేంట్రా నొప్పి?"

"చాచా..." షఫీ మెడలోని కొలత టేపుని వేలికి చుట్టుకున్నాడు.

"ఉండండి, అడిగేది నేను," అన్నాడు అంతోనయ్య. "ఇప్పుడు నిజం చెప్పు. ఈ అమ్మాయి ఎలాంటిది?"

"దేన్నీ ఊరికే నమ్మదు సార్. స్పంజి కూడా నొక్కి చూస్తుంది. కానీ నొప్పి అని ఎవరంటే వాళ్ళ దగ్గరికి పరిగెత్తుతుంది. ఊరికే ఇస్తే రూపాయి వస్తువు తీసుకోదు. తనది ఒక రూపాయి వదలదు. గొడవ పడుతుంది, న్యాయం ఉన్నచోటే పడుతుంది. నిన్న కోదండరామయ్య గారి మీద పడింది ఒక్కటే అన్యాయం, అదీ నావల్లే. ఆ ఐసీయూలో ఎవరు పడుకున్నా, ఈమె డ్యూటీలో ఉంటే భయపడక్కర్లేదు."

చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఈమె విదేశం వెళ్ళడానికి నీకేమైనా అభ్యంతరం ఉందా?"

షఫీ రిజ్వానా వైపు చూశాడు. "ఉంది సార్. చాలా ఉంది. కానీ అది రాయకండి."

కోదండరామయ్య కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అమీనాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతోనయ్య మాత్రం లేచి, "రాయనులే" అని బండి స్టార్టు చేశాడు.

రిజ్వానా నేరుగా కోదండరామయ్య దగ్గరికి వెళ్ళి, "నన్ను క్షమించండి, పెదనాన్నా" అంది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకి షఫీ షాపులో కత్తెర కింద పడింది.

పీసీసీ వచ్చింది. నెలాఖరు రాకముందే వీసా స్టాంపు పడింది. వర్క్ వీసానే, ఆమె మళ్ళీ మళ్ళీ చూసుకుంది. వీధంతటికీ స్వీట్లు పంచారు. షఫీ షాపుకి అమీనాబీ తెచ్చిచ్చింది. రిజ్వానా రాలేదు. స్కూటీ మీద వెళ్తూ తల తిప్పేది కాదు. తన చేతులతో తనే ఆమెని పంపిస్తున్నాడు, అదీ మాటల్లేకుండా. షఫీకి అన్నం సహించలేదు.

ప్రయాణం రేపనగా కోదండరామయ్య హడావుడిగా వచ్చాడు.

"ఒరేయ్, నీ గురించి ఎవరో ఎంక్వయిరీ చేస్తున్నార్రా."

షఫీ బెదిరిపోయాడు. "తెల్ల చొక్కానా? తప్పుడు మాట చెప్పానని కేసు పెడతారా?"

"చొక్కా కాదురా, చుడీదార్. నా కొట్లో కూర్చుని అడిగింది. టీకొట్టు వాడిని అడిగింది. మీ అమ్మని కూడా అడిగింది. అదిగో, వస్తోంది, నేను పోతా."

రిజ్వానా స్కూటీ తోసుకుంటూ వచ్చి షాపు లోపల స్టాండు వేసింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"అబద్ధం చెప్పడం బొత్తిగా రాదట. ఒకసారి చెప్పి వారం రోజులు తిండి మానేశావట, మీ అమ్మ చెప్పింది. టీకొట్టులో నీ పేరు మీద బాకీ లేదు. కుట్టు మాత్రం ఎప్పుడూ వంకరేనట. కళ్ళు ఎదురింటి మీద ఉంటాయని ఆటోవాళ్ళ ఫిర్యాదు."

మీరు కాస్తా నువ్వు అయిందని షఫీ అప్పుడే గమనించాడు. "ఇంకా కోపంగా ఉందా?"

"ఉంది. కువైట్ వెళ్ళాక కూడా ఉంటుంది. నా ఉద్యోగం పోయేది తెలుసా?"

"తెలుసు."

"నువ్వు నోరు మూసుకుంటే నేను ఇక్కడే ఉండిపోయేదాన్ని. అదీ తెలుసా?"

"అదీ తెలుసు."

"మరెందుకు చెప్పావు?"

"సూట్‌కేసు అటక ఎక్కలేదుగా," అన్నాడు షఫీ. "నాకది చూడబుద్ధి కాలేదు."

ఆమె తల దించుకుంది. స్కూటీ తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే మూసింది.

"రెండేళ్ళు కాంట్రాక్టు. అప్పటిదాకా బండి నీ దగ్గరే. వారానికోసారి స్టార్టు చెయ్యి. వీడియో కాల్‌లో చూస్తా, సౌండ్ వినిపించాలి."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నీ నోటి మీదే లేదు. రేపు ఎవడో తెల్లచొక్కా వేసుకొచ్చి ఈ స్టూలు మీద కూర్చుని, ఎదురింటి అమ్మాయి ఎలాంటిదని అడుగుతాడు. మళ్ళీ చెప్పులు, ఎస్సైగారు అంటావు."

"మరేం చెప్పను?"

ఎదురుగా ఆటోలో జానీబాషా హారన్ కొట్టాడు. పక్క సీట్లో అమీనాబీ, వెనక షఫీ వాళ్ళమ్మ నవ్వుకుంటూ కూర్చుని ఉన్నారు. పెద్దవాళ్ళ ఎంక్వయిరీ కూడా అయిపోయిందన్నమాట. "త్వరగా చెప్పేసి రావే, బజారుకి వేళవుతోంది," అని కేకేశాడు జానీబాషా.

రిజ్వానా లేచి, స్కూటీ సీటుని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసింది.

"సంబంధం కుదిరిపోయిందని చెప్పు."